విశ్రాంతికి ముందు మా వంటయిల్లు

ఉద్యోగమునుండి విశ్రాంతి గైకొను దినము దగ్గరపడిన కొలది మనుష్యుని మనస్సున రెండు ప్రశ్నలు పుట్టును. చేతికి వచ్చు ధనమెంత యనునది మొదటిది. మధ్యాహ్న భోజనము ఎవరి సరసన కూర్చుండి చేయుదుము అనునది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు కార్యాలయములోను, వీథిలోను, బంధువర్గములోను సమృద్ధిగా నున్నారు. రెండవ ప్రశ్నను ఎవరును అడుగరు. అడిగినను నవ్వి ఊరకుందురు. కాని విశ్రాంతి జీవితమున ప్రతిదినము ఎదురగునది ఆ రెండవ ప్రశ్నయే. దానిని గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు మన సంఘ సంచిక ద్వారా విన్నవించుకొందుము.

మేము బరంపురము నివాసులము. మాలో ఒకరు ముప్పదినాలుగు సంవత్సరములుగా ఒక బ్యాంకులో పనిచేయుచున్నారు. రెండవవారు ఇంచుమించు అంతకాలముగా ఇంటిని నడుపుచున్నారు. బ్యాంకువారు అరువది యేండ్లు నిండిన మాసాంతమున పూలదండ వేసి సాగనంపుదురు. ఆ దండకు ఇంక పదునాలుగు మాసములున్నవి. ఇంటిని నడుపువారికి అట్టి దండయు లేదు, అట్టి దినమును లేదు. ఈ వ్యాసమున చెప్పినది వంటయింటివారు, వ్రాసినది బ్యాంకువారు. మధ్యమధ్య ఒకరి మాటను ఒకరు దిద్దుకొంటిమి. కావున 'మేము' అన్నచోట ఇద్దరిని గ్రహింప ప్రార్థన.

మీ పెద్దలు ఎక్కడినుండి వచ్చిరని క్రొత్తవారు మమ్మడుగుచుందురు. మా యెరుకలో మూడు తరములవారు ఈ పట్టణముననే పుట్టిరి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడినప్పుడు, మదరాసు రాజధానిలోని గంజాము సీమలో పెద్దభాగము దానిలో చేరినది. బరంపురము ఇటును, ఇచ్ఛాపురము అటును అయ్యెను. మా తాతగారి గడప కదలలేదు. ఆ గడపకు వచ్చు ఉత్తరములపై రాష్ట్రము పేరు మాత్రము మారినది. వరాహగిరి వేంకటగిరిగారు 1894లో జన్మించినది ఈ పట్టణముననే. ఆయన 1969లో రాష్ట్రపతియైననాడు మా వీథిలోని తెలుగువారును, ఒడియావారును కలిసి మిఠాయి పంచుకొనిరని మా పెద్దలు చెప్పుచుండెడివారు.

రెండు భాషలవారు ఒక వీథిలో తరతరములుగా కాపురముండినచో మొట్టమొదట కలిసిపోవునవి వంటలు. మన చద్దన్నమే వారి పఖాళ. మన ముసలివారు కుండలో పులియబెట్టిన అన్నపు నీటిని తరవాణి యందురు; పఖాళ నీటిని వారు తొరాణి యందురు. ఈ రెండు మాటలును తోడబుట్టినవని చెప్పుటకు పండితుడు కానక్కరలేదు. ఇటీవల మార్చి 20వ తేదీని వారు పఖాళ దినముగా జరుపుకొనుచున్నారు. ఆనాడు మా యింటను చద్దన్నమునకు గౌరవము హెచ్చును. మన మామిడి ఒరుగు వారి ఆంబుల. మన వడియము వారి బడి. మన ఆవపెట్టిన కూర వారి బెసర. మనము పనసాకుల బుట్టలలో పిండి పోసి ఆవిరిపై ఉడికింతుము. వారు ప్రథమాష్టమినాడు పసుపాకులలో పిండి మడిచి ఎండురి పిఠా చేయుదురు. మార్గశిరమాసమున లక్ష్మీవారములందు మన ఇండ్లలో లక్ష్మీపూజ జరుగునట్లే వారి ఇండ్లలో మాణబసా జరుగును. మాణ యనగా ధాన్యము కొలుచు పాత్ర. మన మానికకు దగ్గరి చుట్టము.

తేడాలును లేకపోలేదు. చింతపండు తగలని భోజనము మనకు భోజనమువలె నుండదు. జీలకఱ్ఱ, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకఱ్ఱ కలిసిన పంచఫుటణము లేనిదే వారికి పోపు పోపుగాదు. ఇట్టి తేడాలే పొరుగింటి గిన్నెకు రుచి నిచ్చునవి.

బ్యాంకున మధ్యాహ్నమున నలుగురు ఒక బల్లయొద్ద భోజనమునకు కూర్చుండుట ఇరువదిరెండు సంవత్సరముల క్రిందట ఆరంభమైనది. ఒకరు మాలోనివారు. ఒకరు ఆస్కా ప్రాంతపు ఒడియా మిత్రుడు. మూడవవారు పట్టునేత వృత్తిగాగల దేవాంగ కుటుంబమునుండి వచ్చిన తెలుగు మిత్రుడు. నాల్గవవారు ఛత్రపురమునుండి రైలులో వచ్చిపోవు ఒడియా సోదరి. బదిలీలపై ఒక్కొక్కరు కొన్నేండ్లు దూరముగ పోయిరి; మరల తిరిగివచ్చి అదే బల్లను చేరుకొనిరి. అక్కడి నియమ మొక్కటే: ఎవరి కారియరు వారు విప్పి నడుమ పెట్టవలెను, మొదటి ముద్ద తనదికాని గిన్నెనుండి తీసికొనవలెను. ఈ నియమము ఎవరు చేసిరో ఇప్పుడు ఎవరికిని జ్ఞాపకము లేదు.

మాలో ఇంటనుండువారు ఆ బల్లను కన్నులతో చూచినది రెండుమూడు పర్యాయములు మాత్రమే. అయినను దానిచుట్టు కూర్చుండువారి నాలుకలను చక్కగా నెరుగుదురు. పనసపొట్టు కూర పంపిననాడు దేవాంగ మిత్రుని గిన్నె మొదట ఖాళీయగుననియు, ఛత్రపురపు సోదరికి వంకాయ పడదనియు, ఒడియా మిత్రుడు కందిపొడిని అన్నములో కలుపుకొనక అరచేతిలో వేసికొని తినుననియు వారికి తెలియును. సాయంకాలము కారియరు కడుగునప్పుడు ఏ గిన్నె యెట్లు వచ్చినదో చూచి, ఆనాటి బల్ల సంగతి చెప్పగలరు. స్నేహము కార్యాలయములో జరిగినను దాని పద్దులు వంటయింటిలో వ్రాయబడుచుండెను.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమునొద్ద తీరము దాటినది. గాలి తగ్గిన పిదప పట్టణమున చాల దినములు విద్యుత్తు లేకుండెను. ఆ దినములలో ఒడియా మిత్రుని కుటుంబము మా యింటికి వచ్చినది. వారి యింటి పైకప్పు రేకులు ఎగిరిపోయినవి. మా పెరటిలో కూలిన మునగచెట్టు కఱ్ఱ పొయ్యిలోనికి పోయినది. దాని కాయలు కుండలోనికి పోయినవి. ఆయన భార్య మా వంటయింట కూర్చుండి దాల్మా వండెను. లాంతరు వెలుగున ఆమె ఒడియాలో చెప్పగా, మాలో వంటయింటివారు తమ నోటుపుస్తకమున తెలుగులో వ్రాసికొనిరి. కందిపప్పులో పసుపు వేసి, పచ్చి అరటికాయ, బొప్పాయికాయ, గుమ్మడి, చేమదుంప, మునగకాయ పెద్ద ముక్కలుగా వేసి ఉడికింపవలెను. నేతిలో పంచఫుటణము, ఎండుమిరపకాయ, బిర్యానియాకు పోపు పెట్టవలెను. దించిన పిమ్మట వేయించిన జీలకఱ్ఱ, మిరప కలిపి దంచిన పొడియును, కొబ్బరికోరును చల్లవలెను. చింతపండు మాట వచ్చినప్పుడు ఆమె నవ్వి, "అది వేస్తే మీ పప్పుపులుసు అవుతుంది, వొదినా" అనెను. ఆ పుటమీద పసుపు మరక కలదు. పదార్థముల వరుసను చూపుచు ఆమె పెట్టిన వ్రేలిగుర్తు అది.

ఆమె 2022లో పరమపదించిరి. పదిదినముల కర్మలైన పిదప మిత్రుడు ఉద్యోగమునకు వచ్చెను గాని కారియరు తెచ్చుట మానెను. భోజనపువేళకు బల్లయొద్దకు వచ్చి కూర్చుండును, ఆకలి లేదనును, ఎవరైన పెట్టినచో రెండు ముద్దలు తినును. నియమము ప్రకారము తనది కాని గిన్నెనుండి తినవచ్చును, కాని నడుమ పెట్టుటకు తన గిన్నె లేకపోవుట ఆయనకు చిన్నతనముగా నుండెను. కొంతకాలమునకు బల్లయొద్దకు వచ్చుటయే తగ్గించెను. రాత్రి హోటలులో తినుచుండెను. ఆయన కుమారుడు పూనాలో నున్నాడు. వచ్చి తనతో నుండుమని పిలుచుచున్నాడు. విశ్రాంతికి మూడేండ్లు మిగిలియుండగనే మిత్రుడు సగము విశ్రాంతి పొందినవానివలె నయ్యెను.

మేము ఆయనకు కారియరు పంపవచ్చును. కొన్ని దినములు పంపితిమి. ఆయన గిన్నెలు కడిగి తిరిగి ఇచ్చుచు, "వదినగారూ, ఎన్నాళ్లని పంపుతారు?" అని అడిగెను. ఆ ప్రశ్నలో న్యాయము కలదు. పెట్టిన అన్నము ఒక పూట నడుపును. వండ నేర్పిన చేయి మిగిలిన కాలమంతయు నడుపును. అట్లని మా యింటిలో ఆలోచన పుట్టినది. ప్రతి ఆదివారము ఉదయమున మా వంటయింటికి రమ్మని పిలిచితిమి. ఒక్కనిని పిలిచినచో సంకోచపడునని, విద్యార్థులిద్దరని చెప్పితిమి. రెండవ విద్యార్థి మాలోని బ్యాంకువారు.

మొదటి ఆదివారము అన్నమొక్కటే. బియ్యమును ఎన్ని నీళ్లలో కడుగవలెను, ప్రాతబియ్యమునకు ఎసరు హెచ్చు ఏల కావలెను, ఉడికినదని మెతుకు నొక్కి ఎట్లు తెలిసికొనవలెను అనునవి పాఠములు. రెండవ ఆదివారము ముద్దపప్పు. మూడవనాడు చారు. నాల్గవనాడు పోపు. ఆవాలు చిటపటలాడి చేతిమీద పడగా, ముప్పదియేండ్లు లక్షల రూపాయల నోట్లు లెక్కించిన ఇద్దరు పెద్దమనుష్యులు పొయ్యినుండి రెండడుగులు వెనుకకు జరిగిరి. మూకుడుకు ప్రక్కగా మూత అడ్డుపెట్టవలెనని చిన్న ఉపాయము చెప్పగా ఆ భయము తీరినది. మిత్రుడు ప్రతి సంగతిని ఒడియాలో వ్రాసికొనును. "ఉప్పెంత?" అని అడిగినప్పుడు "చాలినంత" అను జవాబు ఆయనకు నచ్చదు. కావున మేము చెంచాతో కొలిచి చూపవలసివచ్చెను. ఆ విధముగా ముప్పదియేండ్లుగా చేతికి మాత్రమే తెలిసిన కొలతలు మాకును మొదటిసారి అంకెలలో తెలిసినవి.

నాలుగు నెలలు గడచిన పిదప ఒక ఆదివారము ఆయన వచ్చి పీటమీద కూర్చుండి, "ఆవిడ చేతి దాల్మా మీకు వచ్చు కదా, వదినగారూ? నాకు రుచి గుర్తుంది గానీ చేసే తీరు తెలీదు" అనెను. మేము నోటుపుస్తకము తీసి ఆ పుట చూపితిమి. ఆయనకు తెలుగు మాట బాగుగా వచ్చును, అక్షరము రాదు. పసుపు మరకను చూచి చాలసేపు మాటాడలేదు. పిదప మేము చదువగా ఆయన వండెను. తన యింటి వంటను ఆయన ఒక తెలుగు పుస్తకమునుండి, ఒక తెలుగింట నేర్చుకొనవలసివచ్చెను. ఆమె ఆనాడు చెప్పకున్నను, మేము వ్రాసికొనకున్నను, ఆ రుచి ఆమెతోనే పోయియుండెడిది.

మరునాడు ఆయన మరల కారియరుతో బల్లయొద్దకు వచ్చెను. మూత తీసి నడుమ పెట్టెను. ఛత్రపురపు సోదరి మొదట తీసికొనెను. ఆమె ఏమియు అనలేదు, రెండవసారి వడ్డించుకొనెను. ఆ సంగతి సాయంకాలము మా యింట తెలియగా, ఇంటనున్నవారు ఆనాడు కారియరు కడుగుటకు చాలసేపు తీసికొనిరి.

ఈ సంఘటన మాకు మా నోటుపుస్తకమును గూర్చిన చింత పుట్టించినది. అందు మా అత్తగారి ఆవకాయ కలదు, మా అమ్మగారి నువ్వుపిండి కూర కలదు, పొరుగువారి పిఠాలు కలవు. అన్నియు తెలుగులో నున్నవి. మా కుమార్తె బరంపురమున ఒడియా, ఇంగ్లీషు చదివి బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది. తెలుగు చక్కగా మాటాడును, చదువలేదు. ఆమెకు ఏడేండ్ల కూతురు కలదు. పుట ఫొటో తీసి పంపినచో, "అమ్మా, చదివి వినిపించు" అని ఫోను చేయును. మేమున్నంతకాలము చదివి వినిపింతుము. పిదప ఆ పుస్తకము బీరువాలో దాచిన పట్టుచీరవలె గౌరవముగా నుండును గాని ఎవరికిని ఉపయోగపడదు.

పైగా కొలతల చిక్కు కలదు. మా అత్తగారి కాలపు గిద్ద, సోల, తవ్వ, మానిక ఆ పుస్తకమున రాజ్యము చేయుచున్నవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. దశాంశపు తూనికలు, కొలతలు దేశమున అమలులోనికి వచ్చి అరువది యేండ్లు దాటినను మా ఆవకాయకు ఆ వార్త చేరలేదు. కావున ఇప్పుడు ఇద్దరము కూర్చుండి క్రొత్తప్రతి వ్రాయుచున్నాము. ఆవకాయకు ముక్కలు నాలుగు గిన్నెలైనచో ఆవపిండి ఒక గిన్నె, కారము ఒక గిన్నె, ఉప్పు గిన్నెకు కొంచెము తక్కువ అని ఏ గిన్నెకైనను సరిపోవు లెక్కగా మార్చుచున్నాము.

ఉప్పు మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. అరువదికి దగ్గరగా వచ్చిన మా మిత్రులలో రక్తపుపోటు లేనివారు తక్కువ. దినమునకు అయిదు గ్రాములకంటె తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అది ఒక చిన్న చెంచాడు మాత్రమే. వైద్యుడు మాలో ఒకరికి ఊరగాయ మానుమనెను. ఆవకాయ మానుట తెలుగువానికి సులభముకాదు. జాడీల కొలది పెట్టుట మాని ఒక చిన్న సీసాకు దిగితిమి. దినమునకు ఒక ముక్క. ఆ పూట కూరలో ఉప్పు సగము. రాత్రి అన్నమునకు బదులు చోడి అంబలి. ఒడియా మిత్రుడు దానినే మాండియా జావు అని మరింత మర్యాదగా త్రాగుచున్నాడు.

కుమార్తె కోరిక వేరుగా నున్నది. ఇల్లు అమ్మివేసి బెంగుళూరు వచ్చి తమతో నుండుమని ఆమె బలవంతము చేయుచున్నది. అందు ప్రేమ కలదు. మా వయస్సును గూర్చిన భయమును కలదు. రాత్రివేళ ఏదైన జరిగినచో ఎవరున్నారని అడుగును. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసికొనలేదు. చాల రాత్రులు మాటాడుకొంటిమి. మనుమరాలి ముచ్చట ఒకప్రక్క, వీథి ఒకప్రక్క. బెంగుళూరులో మంచి వైద్యులున్నారు, కూరగాయలు ఇంటికే వచ్చును. కాని అక్కడ గిన్నెపై మూతపెట్టి కొంగుచాటున పట్టుకొనిపోయి పెట్టదగిన పొరుగిల్లు మాకు లేదు. అట్టిది సంపాదించుటకు ఇక్కడ మాకు మూడు తరములు పట్టినది. అక్కడ అంత ఆయుర్దాయము మిగిలియుండలేదు.

చివరకు ఒక నిశ్చయమునకు వచ్చితిమి. మొదటి రెండేండ్లు ఇల్లు అమ్మము. వేసవిలో ఆవకాయ పెట్టి సీసాతో బెంగుళూరు పోయి మూడు మాసములుందుము, దసరాకు తిరిగివత్తుము. రాత్రివేళ ఎవరున్నారను ప్రశ్నకు జవాబుగా మా యింటి తాళపుచెవి ఒకటి ఒడియా మిత్రుని యొద్దను, ఆయన యింటిది మాయొద్దను ఉన్నవి. ఆయనయు పూనా ప్రయాణమును అట్లే మూడు మాసములకు కుదించుకొనెను. కుమార్తెకు పూర్తిగా సంతృప్తి కలుగలేదు. రెండేండ్ల పిదప మరల మాటాడుదమని ఒప్పుకొన్నది. శరీరము వేరొక మాట చెప్పినచో అప్పుడు వినవలసియుండును; అదియు మాకు తెలియును.

ఇంటిని నడుపువారి విశ్రాంతిని గూర్చియు ఒక ఒడంబడిక జరిగినది. పూలదండ పడిన మరుసటి వారమునుండి సోమ, గురువారములు రెండుపూటల వంట బ్యాంకువారిది. ఆ దినములలో రెండవవారు వంటయింటిలోనికి పోరాదు, సలహాయు చెప్పరాదు. ఆదివారపు పాఠములలో రెండవ విద్యార్థి ఇప్పటికి ఎనిమిది కూరలు, రెండు పచ్చళ్లు, చారు వండగలడు. ముప్పదినాలుగేండ్ల సేవకు వారమున రెండు దినముల సెలవు అధికమని ఎవరును అనజాలరు.

అక్షరముల పనియు ఆరంభించితిమి. ఆదివారము వంటైన పిదప అరగంటసేపు ఫోనులో మనుమరాలు తెరమీదికి వచ్చును. ప్రక్కన ఆమె తల్లి కూర్చుండును. ఇటు మిత్రుడు పలక పట్టుకొనును. ఒడియా వర్ణమాల వరుసయు మన వరుసయు ఒక్కటియే గనుక ఆయనకు రూపములు మాత్రమే నేర్వవలసియున్నది. పాఠ్యపుస్తకము మా నోటుపుస్తకమే. ఉప్పు, పప్పు, నువ్వులు, బెల్లము అను మాటలతో మొదలిడితిమి. ఒత్తులలో మనుమరాలు ముందున్నది. దీర్ఘములలో మిత్రుడు ముందున్నాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, పొరుగున నున్న సవరల భాష నేర్చి, దానికి నిఘంటువు కూర్చిన గిడుగు వేంకట రామమూర్తిగారు మన సీమలో మెలగినవారు. పొరుగువాని భాషను అతని గడపలో కూర్చుండి నేర్చుట ఈ గంజాము నేలకు క్రొత్తకాదు. ఆయన ప్రజల నోటి మాటను గౌరవింపుమనెను. మేము ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాసినను మా నోటుపుస్తకము అచ్చముగా వాడుకభాషలోనే యున్నదని ఆయన యభిమానులకు మనవి చేయుచున్నాము.

సంఘ సభ్యులలో విశ్రాంతికి దగ్గరపడినవారు పలువురున్నారు. వారికి మా విన్నపము చిన్నది. పింఛను కాగితములు సరిచూచుకొనుచున్న చేతితోనే ఇంటి వంటలు నాలుగు వ్రాసి పెట్టుడు. మీ అమ్మగారివి రెండు, పొరుగింటివి రెండు. వ్రాసినదానిని చదువగలవానినొకనిని ఇంటిలో తయారుచేయుడు. ఇంతవరకు వంటయింటి గడప లోపలికి రాని పెద్దమనుష్యులు ఒక పోపు పెట్టుట నేర్చుకొనుడు. కొన్ని మాసములుగా భోజనమునకు రాని మిత్రుడెవడైన ఉన్నచో పోయి కారణము తెలిసికొనుడు.

మా క్రొత్తప్రతి సంక్రాంతికి పూర్తియగును. కావలసినవారు ఏ ఆదివారము ఉదయమైనను మా యింటికి వచ్చి వ్రాసికొనవచ్చును. వచ్చువారు తమ యింటి గిన్నె ఒకటి వెంట తెచ్చిన మరింత సంతోషము.